మట్టికి నేను రంగు వెయ్యలేదు కదా: మూడేళ్ల లైట్ బాక్స్ అనుభవం

ఈ మడత లైట్ బాక్స్ (చిన్న వస్తువులకి ఫొటోలు తీసుకునే, లోపల ఎల్ఈడీ లైట్లున్న తెల్ల గుడ్డ పెట్టె) కొన్న ఆరు నెలలకి "కళ్లు మూసుకుని కొనెయ్యండి" అని రాశాను. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, కళ్లు మాత్రం తెరిచే కొనండి.

సైజు, వాట్ల సంగతి డబ్బా మీదే ఉంటుంది, వదిలేస్తున్నా. నేను ఫొటోలు తీసేది నేనే రంగులు వేసుకునే 28 ఎంఎం బుల్లి సైనికుల బొమ్మలకి. 1799 శ్రీరంగపట్నం ముట్టడి. అటు టిప్పు సైన్యం, ఇటు కంపెనీవాళ్ల మద్రాసు సిపాయిలు, వాళ్లకి తోడుగా మన నిజాం దళం. ముందు పూర్తయింది టిప్పు పక్షం. ఆ పులిచారల చొక్కాలు ఈ పెట్టెలో బ్రహ్మాండంగా వచ్చాయి. నా మొదటి పొగడ్తంతా వాటిని చూసి రాసిందే.

తర్వాత సిపాయిల వంతు. 24 మంది. ఎర్రకోటుకి అడుగున ముదురు, మీద అసలు ఎరుపు, మడతల అంచున కాస్త నారింజ కలిపిన సన్న గీత. బొమ్మ కాళ్ల కింది బేస్‌కి ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పూసి, మౌలాలి గుట్ట దగ్గర పట్టుకొచ్చిన మొరం టీ వడగట్టుతో జల్లించి చల్లాను. (ఆ వడగట్టు ఇప్పుడు నాదే. వంటింట్లోకి కొత్తది కొన్నాం.) మైసూరు పక్క కూడా ఎర్రనేలే కదా, అందుకని మట్టిని అలాగే ఉంచేశాను.

పెట్టెలో పెట్టి ఫొటో తీస్తే కోట్లన్నీ ఇటుక పొడి రంగు. తప్పు నా పెయింటింగ్‌దే అనుకున్నా. రెండు వారాంతాలు కూర్చుని ముందు వరసలో 8 మందికి ఇంకాస్త నారింజ దట్టించాను. ఈసారి పెట్టెలో ఫరవాలేదనిపించింది.

జూలైలో ఒక ఆదివారం పొద్దున, ముసురు. కరెంటు పోయింది. ట్రే బాల్కనీలోకి తెచ్చి చూద్దును కదా, వెనక 16 మంది నిఖార్సయిన ఎరుపు, ముందు 8 మంది బత్తాయి తొనల్లా! మా ఆవిడ టీ ఇస్తూ, "ఏమండీ, వీళ్లు వేరే కంపెనీ వాళ్లా?" అంది.

కరెంటు వచ్చాక అదే ట్రే మళ్లీ పెట్టెలో పెట్టాను. అప్పుడు పడింది చూపు కాళ్ల కింద. బాల్కనీలో తుప్పు ఎరుపులో ఉన్న మొరం ఇక్కడ కాఫీ పొడిలా ఉంది. కోట్ల రంగు నేను తప్పు కలిపి ఉండొచ్చు. మట్టికి నేను రంగు వెయ్యలేదు కదా!

దోషం లైటుది. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం చిప్, దాని మీద పసుపు పూత. చవక వాటిలో ముదురు ఎరుపు వెలుతురు బాగా తక్కువ. డబ్బా మీద "సీఆర్ఐ 80" అని వేస్తారు చూడండి, ఆ లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే మార్కు, అది ఎనిమిది లేత రంగుల సగటు. చిక్కటి ఎరుపుకి ఆర్9 అని వేరే లెక్క ఉంది, అది ఆ సగటులోకే రాదు. ఫోన్‌లో వైట్ బ్యాలెన్స్ సర్దితే పోతుందనుకున్నా. కోటు ఎర్రబడేలోపే సిపాయి ఛాతీ మీది తెల్ల పట్టీలు గులాబీ రంగుకి తిరిగాయి. లైటులో లేని ఎరుపుని ఫోన్ ఎక్కణ్ణించి తెస్తుంది?

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. "వైటా, వామా అన్నా?" అన్నదొక్కటే మొదటి రెండు షాపుల్లో ప్రశ్న. సీఆర్ఐ అంటే డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు. మూడో షాపులో 95 అని ముద్ర ఉన్న బల్బులు రెండు దొరికాయి. పెట్టెతో వచ్చిన ఎల్ఈడీ స్ట్రిప్ వైరు పీకేసి, వీటిని గుడ్డకి బయట చెరో పక్కన టేబుల్ ల్యాంపులకి పెట్టాను. కోట్లు కోట్లలా, మొరం మొరంలా ఉన్నాయి. అంటే నేను ఇప్పుడు వాడుతున్నది నాలుగు తెల్ల గుడ్డ గోడలనే. ఆ గుడ్డ మాత్రం నిజంగా మంచిది. తుపాకీ నీడ ముఖం మీద గీతలా పడకుండా మెత్తబరుస్తుంది, మా రోడ్డు దుమ్ము తడి వార్నిష్ మీద వాలకుండా కాస్తుంది.

మీవి నెపోలియన్ కాలపు ఫ్రెంచి నీలికోట్లయితే ఈ గొడవ మీకు తెలియకపోవచ్చు. పగలు తీరిక ఉంటే కిటికీ పక్కన తెల్ల చార్టు చాలు. నాకు ఆఫీసు, ఫొటోలకి కూర్చునేసరికి రాత్రి పదకొండు. కాబట్టి పెట్టె నా దగ్గర ఉంటుంది.

ఆ 8 మందికి మళ్లీ రంగు వేసే ఓపిక ఇంకా రాలేదు. వెనక వరసకి పంపేశాను.