డాక్టర్ హూ అభిమానుల రేడియో షో: లైవా, రికార్డింగా, పాడ్‌కాస్టా? ఏది మేలు?

బ్రిటన్‌లో ఊరి కమ్యూనిటీ రేడియోలో, బీబీసీ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ డాక్టర్ హూ మీద వారానికో గంట షో పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ మైకు కొనాలని. మైకు సంగతి తర్వాత, ముందు క్యాలెండర్ చూడండి. 2024 సీజన్‌లో ఎనిమిది ఎపిసోడ్లు, 2025లోనూ ఎనిమిదే. 2024లో క్రిస్మస్ స్పెషల్ కలుపుకున్నా తొమ్మిదే. అంటే కొత్త ఎపిసోడ్ లేకుండా నడపాల్సిన వారాలు నలభైకి పైనే. లైవ్ మేలా, రికార్డింగ్ మేలా అన్నది తేల్చేది ఈ లెక్కే.

కొత్త ఎపిసోడ్ వచ్చిన వారం లైవ్‌కి సాటి లేదు. చూసినవాళ్లు ఆ వేడి మీదే ఫోన్ చేస్తారు, వాదిస్తారు, తిడతారు. అయితే స్లాట్ ఎప్పుడన్నది చూసుకోవాలి. 2025లో దాదాపు అన్ని ఎపిసోడ్లూ శనివారం ఉదయం ఎనిమిదింటికే బీబీసీ ఆన్‌లైన్ సర్వీసు ఐప్లేయర్‌లోకి వచ్చి, సాయంత్రం బీబీసీ వన్‌లో ప్రసారమయ్యాయి. శనివారం మధ్యాహ్నం షో పెడితే వినేవాళ్లలో సగంమంది చూసేసి ఉంటారు, మిగతా సగం చెవులు మూసుకుంటారు. ఆదివారం సాయంత్రం అడగండి. అప్పుడు కూడా మొదటి పది నిమిషాలు కథ బయటపెట్టకుండా నడిపి, ఆ తర్వాత ‘చూడనివాళ్లు ఇక్కడ ఆపేయండి’ అని స్పష్టంగా చెప్పాలి.

లైవ్‌కి కనీసం ముగ్గురు కావాలి: మాట్లాడేవాళ్లు ఒకరు, మిక్సర్ దగ్గర ఒకరు, ఫోన్లు తీసి ‘ఏం చెప్పాలనుకుంటున్నారు’ అని ముందే వాకబు చేసేవాళ్లు ఒకరు. ఇద్దరితో లాగేద్దామనుకుంటే మొదట దెబ్బతినేది ఫోన్లే. కాలర్‌కి తిరిగి పంపే శబ్దంలో అతని గొంతు తప్ప మిగతావన్నీ ఉండాలి. దీన్నే మిక్స్ మైనస్ అంటారు. అది తప్పితే అతని మాటే కాస్త ఆలస్యంగా అతని చెవిలో పడి, మనిషి నత్తినత్తిగా మాట్లాడతాడు. వినేవాళ్లు మాత్రం కాలర్ కంగారుపడుతున్నాడనుకుంటారు. షోకి పావుగంట ముందు స్టేషన్‌లోనే ఒక సెల్‌ఫోన్ నుంచి ఫోన్ చేయించి చూస్తే ఈ తప్పు ఇట్టే దొరికిపోతుంది. ఇంట్లో రేడియో మోగుతుండగా మాట్లాడే కాలర్‌ది ఇంకో రకం తంటా. స్టేషన్‌లో బూతు మాటలు ఆపడానికి ఏడు సెకన్ల డిలే పెట్టి ఉంటే, ఏడు సెకన్ల కిందటి తన మాటే వింటూ ఆగిపోతాడు. లైన్ కలిపే ముందే ‘రేడియో ఆపేశారా?’ అని అడగాలి. నోరు జారింది కాలరే అయినా లైసెన్స్ స్టేషన్‌ది కాబట్టి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కి జవాబు చెప్పుకోవాల్సింది స్టేషనే. ప్రసారమైన ప్రతిదాని రికార్డింగూ 42 రోజులు దాచి ఉంచాలన్న నియమం కూడా ఉంది.

ఇక మిగతా నలభై వారాలు. వీటికి రికార్డింగే మేలు. పైగా ఈ సిరీస్‌కి రేడియోలో తప్ప ఇంకెక్కడా అంత బాగా కుదరని సరుకు ఒకటుంది. 1960ల నాటి చాలా ఎపిసోడ్ల టేపులను బీబీసీ చెరిపేసింది. బొమ్మ పోయింది కానీ, ప్రసారమవుతుండగా అభిమానులు ఇళ్లలో టేప్‌రికార్డర్లు పెట్టి పట్టుకున్న శబ్దం వల్ల పోయిన ఎపిసోడ్లన్నింటి ఆడియో మిగిలింది. బొమ్మ లేని కథ గురించి రేడియోలో చెప్పడం కంటే సహజమైనది ఏముంటుంది? విమర్శ, సమీక్ష కోసం చిన్న క్లిప్పులు వాడుకోవడానికి బ్రిటిష్ కాపీరైట్ చట్టం వెసులుబాటు ఇస్తుంది. ఎక్కడిదో చెప్పాలి, అవసరమైనంతే వాడాలి. ముప్పై నలభై సెకన్లు వినిపించి, దాని మీద రెండు మూడు నిమిషాలు మాట్లాడితే సమీక్షలా ఉంటుంది. పది నిమిషాలు ఏకబిగిన వినిపించి ‘అద్భుతం’ అంటే సమీక్ష అనిపించుకోదు.

ఈ పాత ఆడియోని లైవ్‌లో వినిపిస్తే చిక్కేమిటంటే, మాట్లాడుతున్నప్పుడు వినపడని బుసబుస, మాట ఆగగానే పైకి లేస్తుంది. శబ్దాన్ని ఒకే స్థాయిలో ఉంచే స్టేషన్ ప్రాసెసర్ నిశ్శబ్దంగా ఉన్న చోట లెవెల్ పెంచుతుంది కదా, దానితోపాటు టేపు హోరూ పెరుగుతుంది. ముందే రికార్డ్ చేస్తే 80 హెర్ట్జ్ కింద ఉన్న గుర్‌ర్‌ర్ కోసేసి, హోరుని కాస్త తగ్గించి, క్లిప్పు లెవెల్‌ని మీ మాటకి మూడు నాలుగు డెసిబెల్స్ లోపల ఉండేలా సర్దుకోవచ్చు. హోరుని పూర్తిగా తీసేయాలని చూడకండి, గొంతులు నీళ్లలో మాట్లాడినట్టు అయిపోతాయి. ఇంకోటి: కథలోని కాలయంత్రం టార్డిస్ లోపలి సన్నటి హమ్‌లాంటిది మరీ మెల్లగా అరనిమిషం నడిపితే, గాలిలో ఏమీ లేదనుకుని స్టేషన్‌లోని సైలెన్స్ డిటెక్టర్ ఎమర్జెన్సీ పాటలు ఎక్కించేస్తుంది. అలాంటి చోట మీ మాట పైన నడవాలి.

గంట షో అంటే అరవై నిమిషాలు కాదు. గంట కొట్టగానే వార్తలు, అవి రెండు నిమిషాలు అనుకున్నా మిగిలేది 58. ఫైల్‌ని 57 నిమిషాల 30 సెకన్లకి ముగించి, చివరి ముప్పై నలభై సెకన్లలో మాట లేకుండా సంగీతమే ఉంచండి. కోత పడ్డా పోయేది సంగీతమే. ముగ్గురు మాట్లాడిన గంటని ఎడిట్ చేయడానికి మూడు గంటలైనా పడుతుంది, ఆ టైమ్ లేనివాళ్లు రికార్డింగ్‌కి దిగకపోవడం నయం. ఒక్కొక్కరి గొంతు ఒక్కో ట్రాక్ మీద ఉండాలి. ఎవరింట్లో వాళ్లు రికార్డ్ చేసుకుంటే మొదట్లోనూ చివర్లోనూ చప్పట్లు కొట్టి, ఎడిటింగ్‌లో ఆ చప్పుళ్లని ఒకదానితో ఒకటి కలపాలి, ఎందుకంటే రెండు కంప్యూటర్ల గడియారాలు గంట గడిచేసరికి అంతో ఇంతో పక్కకి జరుగుతాయి, సమాధానం ప్రశ్న మీద పడుతుంది. ఫైల్ పేరులో ప్రసార తేదీ పెట్టకపోతే పోయినవారం షోనే మళ్లీ వచ్చే ప్రమాదం ఉంది. ‘రేపు’, ‘ఈ రాత్రి’ లాంటి మాటలు అసలు వాడొద్దు.

పాడ్‌కాస్ట్ ఒక్కటే చాలదా? ఊళ్లో ఎఫ్ఎం తిప్పుతూ అనుకోకుండా విని అభిమాని అయ్యేవాళ్లు దానికి దొరకరు. కమ్యూనిటీ రేడియోలో పెట్టడానికి ఉన్న కారణమే అది. కానీ స్టేషన్ వినిపించేది మామూలుగా ఐదు కిలోమీటర్ల దాకానే. లైవ్ స్ట్రీమ్ ఉన్నా ఆదివారం రాత్రి ఏడింటి బ్రిటన్ షో వేసవిలో విజయవాడవాళ్లకి పదకొండున్నరకి, చలికాలంలో పన్నెండున్నరకి మొదలవుతుంది. మనవాళ్లకి పాడ్‌కాస్టే దిక్కు. అందుకని రెండో కాపీ తప్పకుండా చేయండి, ఎఫ్ఎం ఫైల్‌నే ఎక్కించేయకండి. 1963లో రాన్ గ్రైనర్ కట్టిన ట్యూన్‌ని బీబీసీ ఎలక్ట్రానిక్ శబ్దాల విభాగం రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో డెలియా డెర్బీషైర్ టేపు ముక్కలు కోసి అతికించి చేసిన థీమ్ ఉంది కదా, అది సంగీత హక్కుల ఫీజు వసూలు చేసే పీఆర్ఎస్, పీపీఎల్‌ సంస్థలకి స్టేషన్ కట్టే ఫీజుతో ఎఫ్ఎంలో మోగించుకోవచ్చు. డౌన్‌లోడ్‌కి ఆ ఫీజు వర్తించదు. థీమ్, పాటలు తీసేసి, వాటి చోట మీ సొంత సంగీతం పెట్టి, లౌడ్‌నెస్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్‌కి (చెవికి వినిపించే గట్టితనాన్ని కొలిచే ప్రమాణం) తెచ్చి ఎక్కించాలి. మొదటి నుంచీ థీమ్‌ని విడి ట్రాక్‌లో ఉంచితే ఇది ఐదు నిమిషాల పని. మాట కింద థీమ్ కలిపేసి ఒకే ఫైల్‌గా దాచుకుంటే ఆ మాటలు మళ్లీ రికార్డ్ చేయాల్సిందే.

ఇలాంటిదే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని బోల్ హైదరాబాద్ 90.4 లాంటి స్టేషన్‌లో పెట్టాలనుకుంటే ఇంకో లెక్క చూసుకోవాలి. మన నిబంధనల ప్రకారం కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. క్యాంపస్ పిల్లలే కూర్చుని మాట్లాడితే మీ షో ఆ సగంలోకే వస్తుంది, బయటి పాడ్‌కాస్ట్ తెచ్చి వినిపిస్తే రాదు.

కాబట్టి స్టేషన్‌ని అడగాల్సింది ఇదీ: ఏడాది పొడుగునా ఆదివారం స్లాట్, సీజన్ నడిచే ఎనిమిది వారాలు మాత్రం స్టూడియో, ఫోన్ లైన్. మిగతా వారాలకి శుక్రవారం రాత్రికల్లా ఫైల్ అందిస్తామని మాటివ్వండి. ఎప్పుడూ వాడుకోవడానికి వీలుగా, తేదీతో పనిలేని షో ఒకటి అదనంగా వాళ్ల దగ్గర ఉంచండి.