సిగరెట్టా, వేపా (ఈ-సిగరెట్): ఊపిరితిత్తులకి ఏది ఎంత చేటు?

వేప్ అంటే ఉత్త ఆవిరే కదా అనేవాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ అది నీటి ఆవిరి కాదండీ బాబూ, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, ఫ్లేవర్లు కలిపిన లిక్విడ్‌ని లోపలుండే కాయిల్ (వేడెక్కే తీగ చుట్ట) వేడి చేస్తే వచ్చే సన్నటి తుంపర. సిగరెట్‌లో పొగాకు నిజంగానే కాలుతుంది, అసలు తేడా అక్కడే. కాలితే తారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి, ఆ పొగలో 7,000కి పైగా రసాయనాలు, అందులో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవే. దీని మీద ఇక వాదనే లేదు.

వేప్‌లో తారు ఉండదు, మొత్తమ్మీద విషాలు తక్కువే, ఒప్పుకోవాల్సిందే. కానీ తక్కువ అంటే లేవని కాదుగా! కాయిల్ మరీ వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, ఎక్రోలీన్ అనే విష రసాయనాలు పుడతాయి, కాయిల్ లోంచి నికెల్, క్రోమియం లాంటివి కూడా కాస్త కలుస్తాయి, ఇవన్నీ లోపలికి పోతే దగ్గు, గొంతు మంట, ఆస్తమా ఉన్నోళ్ళకి ఆయాసం ఎక్కువవ్వొచ్చు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు మొదలై 2020 ఫిబ్రవరి నాటికి 2,807కి చేరాయి, 68 మంది పోయారు, అయితే వాటిలో చాలావరకు గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ ఉన్న లిక్విడ్లలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనెలాంటి పదార్థంతో ముడిపడినవి, ఈ ముక్క మాత్రం చాలామంది చెప్పరు.

సిగరెట్ పూర్తిగా మానేసి వేప్‌కి మారినోళ్ళకి కొంత నయమే. రెండూ కలిపి తాగేవాళ్ళకి ఆ లాభం రాదు. ఏ అలవాటూ లేనోళ్ళకైతే ఈ పోలికతో పనే లేదు.