నెల్లూరులో మందు మాన్పించే గ్రూపు అంటే నమ్మి మా తమ్ముణ్ణి తీసుకుపోయాను, మీరు పోవద్దు

నిన్న జరిగింది ఇది. ఇంకా కోపం తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. వాళ్ళ పేరు రాయను. తాగుడు మానాలనుకునేవాళ్ళకి తోడుంటాం రండి అని ఫోన్లో యాడ్ వేస్తున్నారే, వాళ్ళే. మనింట్లో తాగేవాళ్ళుండి ఇలాంటి చోటు కోసం వెతికినవాళ్ళకి అర్థమైపోతుంది.

మా తమ్ముడికి ఆరేళ్ళుగా ఈ అలవాటు. పోయిన నెల వాడే కోవూరు నుంచి వచ్చి, "అక్కా, నా ఒక్కడివల్ల కావడంలేదు. నాలాంటోళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటు యాడన్నా ఉంటే చూడు" అన్నాడు. ఆ మాట కోసం ఆరేళ్ళు కాచుకున్నాను. ఆ తొందరలో ఎవరినీ అడక్కుండా ఫోన్లో ముందు కనిపించిన నంబరుకు చేసేశాను. రిజిస్ట్రేషన్ 2,500 కట్టాను. వాడికి తెలియకుండా అన్నంలో కలపమని ఒక పొడి ఇచ్చి 6,000 తీసుకున్నారు. డబ్బా మీద చీటీ కూడా లేదు. పెట్టడానికి మనసొప్పక అలమరలో దాచాను. డబ్బు పోతే పోయింది, దాని గురించి కాదు ఈ పోస్టు.

మూడు ఆదివారాలు వాడు నోరు విప్పలేదు. నిన్న నాలుగో ఆదివారం, లేచి నిలబడ్డాడు. మందు ముట్టి పదకొండు రోజులైంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికి చొక్కా మీద పడుతోంది. కూతురి స్కూలు ఫీజు డబ్బులతో తాగిన రోజు గురించి చెప్పాడు. ఆ పాప ఏమీ అడక్కుండా తన పుస్తకాల సంచి సర్దుకుందంట. అది చెప్తూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నడిపే పెద్దమనిషి ఎదురుగా ఫోన్ ఛాతీకి ఆనించుకుని కూర్చున్నాడు. మెసేజ్ చూసుకుంటున్నాడేమో అనుకున్నాను.

రాత్రి ఎనిమిదికి మా చిన్నమ్మ కొడుకు వాట్సాప్‌లో ఒక వీడియో పంపి "ఇది మనవాడేనా?" అన్నాడు. మనవాడే. ఏడుస్తున్న ముఖం, కింద పేరు, ఊరు, వెనక మ్యూజిక్, చివర వాళ్ళ ఫోన్ నంబరు.

వెంటనే ఆ పెద్దమనిషికి ఫోన్ చేశాను. ఆయన చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "రోడ్డు మీద పడిపోయినప్పుడు పోని పరువు ఇప్పుడు పోయిందా అమ్మా? ఫారం మీద మీరే సంతకం పెట్టారు, చూసుకోండి." చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. సంతకం పెట్టేటప్పుడు తమ్ముడు "చదివావా అక్కా?" అని అడిగాడు కూడా. చదివానని అబద్ధం చెప్పాను. అది నన్ను నిద్రపోనివ్వడంలేదు.

వాడు అరవలేదు. ఫోన్ బోర్లా పెట్టి బయటికి పోయాడు. పదకొండు గంటలకు తాగి వచ్చాడు.

మా అమ్మ 1992లో సారా వేలం పాటలు ఆపించడానికి నెల్లూరు పోయిన ఆడవాళ్ళలో ఒకటి. పక్కింటావిడ ఫోన్లో ఆ వీడియో చూసింది. "దుకాణం మీద పడ్డామేగానీ, మేమెవరమూ తాగినోడి ఏడుపు ఊరికి చూపించలేదే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

తమ్ముడు రానన్నాడు, అందుకని పొద్దున నేనొక్కదాన్నే పొడి డబ్బా తీసుకుని పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి పోయాను. పెట్టకపోవడం మంచిదైందన్నారు డాక్టరు. ఇలాంటి వాటిలో సారాయి, బ్రాందీ లాంటివి తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర కలిపి ఉంటే, అది తెలియక తాగినవాడికి వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చంట. రోజూ బాగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, డాక్టరు చూస్తుండగా మానాలి అని కూడా చెప్పారు. నాకిది తెలియదు. ఆ పదకొండు రోజులూ వాడు ఇంట్లోనే ఉన్నాడు.

ఏఏ అని ఉంది చూడండి, ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు మొదలుపెట్టింది. అందులో చేరడానికి ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. అనానిమస్ అంటేనే పేరు బయటపెట్టకపోవడం. ఇంట్లోవాళ్ళకి అల్-అనాన్ అని వేరే ఉంది. అది తెలిసుంటే డబ్బు అడిగిన రోజే లేచి వచ్చేసేదాన్ని.

వెతుకుతున్నవాళ్ళు ముందు 14446కి చేయండి, కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, ఉచితం. మనసు బాగాలేకపోతే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. సెంటర్‌లో చేర్చే పనైతే రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. ఫారం మొత్తం చదవండి. ఎవరి చేతిలోనైనా ఫోన్ పైకి లేస్తే అక్కడే ఆపించండి.

స్క్రీన్‌షాట్లు తీసిపెట్టాను, సాయంత్రం స్టేషన్‌కి పోతున్నాను. వాళ్ళు ఆ వీడియో ఇంకా డిలీట్ చేయలేదు. మీ గ్రూపుల్లోకి వస్తే దయచేసి ఎవరికీ పంపకండి, డిలీట్ చేయండి. ఆ పాప చదివే స్కూలు తల్లిదండ్రుల గ్రూపు దాకా పోకూడదు.