ఆస్టిన్ పెరట్లో ఏ మిల్క్‌వీడ్ మేలు?

ఫిబ్రవరి వచ్చిందంటే టెక్సాస్‌లోని ఆస్టిన్ చుట్టుపక్కల మొక్కలు పెంచే మనవాళ్లంతా అడిగేది ఒకటే. మిల్క్‌వీడ్ ఆకులే తిని పెరిగే మోనార్క్ సీతాకోకచిలుకల పురుగుల కోసం నర్సరీలో దొరికే ట్రాపికల్ మిల్క్‌వీడ్ పెట్టాలా, ఈ నేలలో పుట్టిన యాంటిలోప్ హార్న్స్ అనే మిల్క్‌వీడ్ పెట్టాలా?

అందం, సులువు చూసుకుంటే ట్రాపికల్‌దే పైచేయి. ఎరుపు పసుపు కలిసిన పూలు, నాటిన ఏడాదే పూత, కొమ్మ గుచ్చినా బతుకుతుంది. యాంటిలోప్ హార్న్స్ అడుగు, మహా అయితే రెండడుగులు. కాడలు నిటారుగా నిలబడవు, నేలమీదికి వాలిపోతాయి. లేతాకుపచ్చ పూలగుత్తి గడ్డిలో కలిసిపోతుంది, వంగి చూస్తేనే లోపలి ముదురు ఊదారంగు కనిపిస్తుంది. కాయ పగిలితే మాత్రం అచ్చం జిల్లేడు దూదే. జిల్లేడూ మిల్క్‌వీడూ ఒకే కుటుంబం మరి. మన ఊళ్లో జిల్లేడాకు తినే చారల గొంగళిపురుగు ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకది, మోనార్క్‌కి దగ్గరి చుట్టం.

నా లెక్కలో ఈ విషయం తేల్చేది చలికాలం. గట్టి ఫ్రీజ్ పడితే తప్ప ట్రాపికల్ ఇక్కడ పచ్చగానే ఉండిపోతుంది. మోనార్క్‌లకు ఓఈ అనే పరాన్నజీవి బెడద ఉంది. అది సోకిన సీతాకోకచిలుక వాలిన ఆకుల మీద సిద్ధబీజాలు రాలుతాయి, ఆ ఆకు తిన్న పురుగు ఒంట్లోకి చేరతాయి. బాగా ముదిరితే రెక్కలు ముడతలు పడి, ప్యూపాలోంచి సరిగ్గా బయటికే రాలేవు. ఎండిపోని మొక్క మీద ఈ బీజాలు పేరుకుంటూనే ఉంటాయి. పైగా మెక్సికో వెళ్లాల్సిన మోనార్క్‌లు కొన్ని ఆ పచ్చదనం చూసి ఇక్కడే ఆగి గుడ్లు పెడతాయి.

యాంటిలోప్ హార్న్స్ పైభాగం చలికాలానికి ఎండిపోతుంది, రోగమున్న ఆకులూ దాంతోపాటే పోతాయి. మార్చిలో లోతైన వేరునుంచి మళ్లీ చిగురిస్తుంది. మెక్సికోలోని మిచోకాన్ కొండల్లో చలికాలం గడిపిన మోనార్క్‌లు టెక్సాస్ చేరేదీ అప్పుడే. రంగు వెలిసి, అంచులు చిరిగిన రెక్కలతో వచ్చి, లేత ఆకు అడుగున ఒక్కొక్క గుడ్డే పెట్టుకుంటూ పోతాయి. అక్కడితో వాటి ఆయుష్షు అయిపోవస్తుంది. ఉత్తరానికి, కెనడా దాకా సాగేది వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. ఆ మొదటి పిల్లలకు తిండి పెట్టే మొక్కల్లో ఇది ముఖ్యమైనది. అందుకే నా ఓటు దీనికే.

పెంచడానికి ఓపిక కావాలి. విత్తనాలను తడి ఇసుకలో కలిపి నెలరోజులు ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదంటే నవంబర్‌లో నేరుగా నేలలో చల్లేయాలి. వేరు లోతుకి దిగాక పీకి మరోచోట నాటితే బతకడం కష్టం. సున్నపురాయి నేల, మంచి ఎండ ఉంటే చాలు, నీళ్లు ఎక్కువైతే కుళ్లిపోతుంది. మొదట్లో పూలు ఆశించకండి.

డల్లాస్ వైపు బంకమట్టి నేలైతే గ్రీన్ మిల్క్‌వీడ్ పెట్టుకోండి, అదీ పొట్టిదే, అదీ ఇక్కడిదే. నారింజ పూల బటర్‌ఫ్లై వీడ్ తేనెకు బాగుంటుంది, గుడ్లకు మోనార్క్‌లు అంతగా ఇష్టపడవు.

ట్రాపికల్ ఇప్పటికే ఉంటే అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా నేలకు ఆరంగుళాల ఎత్తున కత్తిరిస్తూ ఉండండి, చిగురేస్తే మళ్లీ కత్తిరించండి. గ్లవ్స్ వేసుకోండి, మొక్క కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. ఏ మిల్క్‌వీడ్ కొన్నా పురుగుమందు కొట్టారేమో నర్సరీవాళ్లను అడిగే కొనండి.