ఇరవై ఏళ్లు నడిపిన 1986 మోడల్ బుల్లెట్ 350: ఇంజన్ అదురు సంగతి

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ ఉద్యోగానికి వెళ్లి వచ్చే నేను, 2003లో 1986 మోడల్ బుల్లెట్ 350ని పాత బండిగానే కొన్నాను. ఎడమ కాలికి బ్రేకు, కుడి కాలికి గేర్లు, పోత ఇనుప సిలిండరు, పాయింట్ల ఇగ్నిషను (తెరుచుకుని మూసుకునే చిన్న లోహపు మొనలతో నిప్పురవ్వ పుట్టించే పద్ధతి) ఉన్న పాత తరం బండి అది. మంగళగిరి మీదుగా కనకదుర్గ వారధి దాటి బెంజి సర్కిల్ చేరే దారిలో ఇరవై ఏళ్లకు పైగా దానిమీదే తిరిగాను. మైలేజీ గురించీ విడిభాగాల గురించీ రాసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి, నన్ను అన్నిటికంటే ఎక్కువ వేధించిన ఇంజన్ అదురు గురించి మాత్రమే ఇక్కడ వివరంగా రాస్తాను.

ఈ ఇంజన్ బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ.; ఒకే సిలిండరు, 346 సీసీ. నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఇందులోని పిస్టన్ సెకనుకు వంద సార్లు ఆగి దిశ మార్చుకుంటుంది. ఆ ఊపుకు సరితూగడానికి ఫ్లైవీళ్లలో, అంటే ఇంజన్ లోపల తిరిగే బరువైన చక్రాలలో, ఎదురు బరువు పెడతారు గాని, పైకీ కిందికీ ఆడే బరువునంతా అది సరిచేయలేదు. సరిచేసేంతగా పెంచితే అదురు ముందుకూ వెనక్కూ మళ్లుతుంది. అందువల్ల ఒక మధ్య లెక్క దగ్గర ఆగక తప్పదు. 2020లో వచ్చిన మీటియర్ 350 ఇంజన్‌లో ఈ పని కోసం విడిగా బ్యాలెన్సర్ షాఫ్టు (అదురును తగ్గించే బరువున్న ఇరుసు) ఉంది; నా బండిలో లేదు. కాబట్టి గంటకు 70 కిలోమీటర్ల వేగం దాటాక ఈ బండి అదరడం దాని స్వభావం. 50 దగ్గరే అదిరితే మాత్రం ఎక్కడో ఏదో పట్టు తప్పిందని అర్థం. ఈ తేడా తెలియకపోవడం వల్లనే నేను చాలా డబ్బు పోగొట్టుకున్నాను.

2011 వేసవిలో నా బండి 50 దగ్గరే అదరడం మొదలుపెట్టింది. మంగళగిరి చేరేసరికి వేళ్లు తిమ్మిరెక్కేవి, హెడ్‌లైటు బల్బు నెల తిరక్కుండానే మాడిపోయేది, వెనక నంబరు ప్లేటు బోల్టు రంధ్రం దగ్గర చీలిపోయింది. చూపించిన చోట బోరు పోయిందన్నారు, అంటే సిలిండరు లోపలి గోడ అరిగిందని. నమ్మి ఇంజన్ విప్పించి, బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్ వేయించాను. పొగ తగ్గిన మాట నిజమే గాని, అదురు ఏమాత్రం తగ్గలేదు. పిస్టన్ బరువు మారితే ఫ్లైవీళ్ల బరువు లెక్క కూడా కొంత మారుతుందని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆటోనగర్‌లో పాత బళ్లు మాత్రమే చూసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన పానా ముట్టుకోకుండా, "ముందు బండి తియ్యి బాబూ, నేను వెనక కూర్చుంటాను" అన్నారు. ఖాళీ రోడ్డు మీద 55కు వెళ్లాక క్లచ్ నొక్కి యాక్సిలరేటరు వదిలేయమన్నారు. అదురు ఒక్కసారిగా ఆగిపోయింది. బండి అదే వేగంతో దొర్లుతున్నా అదురు లేదంటే, చక్రాలు, టైర్లు, బేరింగులు బాగున్నట్టే. తిరిగి వచ్చాక న్యూట్రల్‌లో పెట్టి అంతే రేజు చేయించారు. అదురు వచ్చింది గాని, రోడ్డు మీద ఉన్నంత లేదు. "బరువు లాగేటప్పుడే ఎక్కువవుతోందంటే, లోపల అరుగుదల కంటే ముందు ఇంజన్ కూర్చున్న చోటు చూడాలి" అన్నారు.

బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఐడిల్‌లో నడుస్తుండగా, నా బొటనవేలిని సగం ఫ్రేము మీద, సగం ఇంజన్‌ను ఫ్రేముకు బిగించే ప్లేటు మీద ఆనేలా పెట్టించారు. రెండూ కలిసి కదలాల్సినవి, వేలి కింద వేటికవే వేరుగా ఆడుతున్నాయి. టార్చి వేసి చూస్తే నట్టు చుట్టూ, ప్లేటు అంచున, పాత నూనెలో తడిసిన కుంకుమ రంగు పొడి కనిపించింది. ఇనుము మీద ఇనుము ఒరుసుకుంటే రాలే తుప్పు పొడి అది. నేను అదే నట్టును అంతకుముందు రెండుసార్లు పానాతో పరీక్షించి, బిగువుగానే ఉందనుకున్నాను. మరలు తుప్పుతో పట్టేయడం వల్ల అది కదలలేదు గాని, ప్లేటును పట్టి ఉంచడం ఎప్పుడో మానేసింది. ఆ నట్టు ఎక్కే స్టడ్డును (మరలున్న కడ్డీని) బయటకు తీస్తే, నడుము దగ్గర గోరు తగులుకునేంత గాడి పడి ఉంది. ప్లేటు రంధ్రం కోలగా సాగిపోయింది. సిలిండరు హెడ్డును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న పట్టీ కూడా పగిలి ఉంది.

రంధ్రాలను వెల్డింగుతో పూడ్చి మళ్లీ వేయించి, కొత్త స్టడ్లు, కొత్త పట్టీ బిగించారు. బిగించే వరుసలోనే అసలు మెళకువ ఉందని నా అభిప్రాయం: అన్నిటినీ వదులుగా ఎక్కించి, ఇంజన్ తన చోట తాను కూర్చున్నాక కొంచెం కొంచెంగా బిగిస్తూ రావాలి, హెడ్డు పట్టీని అన్నిటికంటే చివర బిగించాలి. 500 కిలోమీటర్ల తర్వాత చల్లటి ఇంజన్ మీద ఇంకోసారి చూడాలి. ఈ పని మొత్తానికి, బోరుకు పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

2017లో వచ్చిన అదురు వేరే రకం. వెనక చైను తెగి స్ప్రాకెట్‌లో ఇరుక్కుని ఇంజన్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఆ మర్నాటి నుంచి న్యూట్రల్‌లో కూడా, రేజు పెంచిన కొద్దీ అదురు పెరిగేది. నేర్చుకున్న పరీక్షలన్నీ చేసి, మౌంటింగులు (ఇంజన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే భాగాలు) బాగున్నాయని తేల్చుకున్న తర్వాతే ఇంజన్ విప్పించాను. లేతు షాపులో క్రాంకును, అంటే ఫ్లైవీళ్లూ వాటిని కలిపే పిన్నూ ఉన్న ఇరుసును, రెండు సెంటర్ల మధ్య పెట్టి తిప్పితే, వంకరను కొలిచే డయల్ గేజి ముల్లు 0.12 మి.మీ. దాకా ఊగింది. ఆ దెబ్బకు ఫ్లైవీళ్లు క్రాంకు పిన్ను మీద ఒకదానికొకటి వాలాయి. ఆ పనివాడు రాగి సుత్తితో ఒక్కో దెబ్బ వేయడం, తిప్పి ముల్లు చూడడం, మళ్లీ దెబ్బ వేయడం, ఇలా దాదాపు గంటసేపు చేసి 0.03కు తెచ్చాడు. ఆ ఓపికను చూసి నేను పక్కనే నిలబడిపోయాను.

మిగిలినవి చిన్న విషయాలే. వెనక హబ్బులో కుదుపును మింగే కుష్ రబ్బర్లు గట్టిపడితే తక్కువ వేగంలో కుదుపు వస్తుంది. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉంచుకోవాలి, టైమింగు (నిప్పురవ్వ పడే సమయం) మరీ ముందుకు జరిగితే ఎక్కుడులో ఇంజన్ కొట్టుకుంటుంది, దాన్ని కూడా చాలామంది అదురే అనుకుంటారు. హ్యాండిలుకు స్పాంజి గ్రిప్పులు తొడిగితే వేళ్లకు హాయిగానే ఉంటుంది గాని, అదురు ఎప్పుడు పెరిగిందో చేతికి తెలియదు. అందుకే నేను తీసేశాను.

రోజూ 50, 60 మధ్య వెళ్లేవారు, నెలకొకసారి పానా పట్టే ఓపిక ఉన్నవారు ఈ బండిని నిశ్చింతగా కొనుక్కోవచ్చు. హైవే మీద 80కు తగ్గకుండా పోవాలనుకునేవారికి మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. ఇప్పుడు వారధి మీద 58లో వెళ్తుంటే వెనక లారీ బంపరు మీది అక్షరాలు అద్దంలో చదవగలుగుతున్నాను. 70కి అవి అలుక్కుపోతాయి. 2011లో అయితే 50కే లారీ ఆకారం కూడా సరిగా కనిపించేది కాదు.