వెబ్‌సైట్ బిల్డర్‌కి డబ్బు కట్టేముందు ఎక్స్‌పోర్ట్ నొక్కి చూడండి

డేటాబేస్‌తో నడిచే వెబ్‌సైట్ కోసం "కోడింగ్ రాకపోయినా పర్లేదు" అనే టూల్ ఏదైనా కొనబోతున్నారా? అయితే కాస్త ఆగి ఇది చదవండి. మేం పడ్డ అవస్థ ఇంకొకరు పడకూడదనే రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి టూల్స్ చాలా ఉన్నాయి, ఒక్కదాని పేరు చెబితే మిగతావన్నీ మంచివే అనుకునే ప్రమాదం ఉంది.

డెమోలో అన్నీ బాగున్నాయి. కస్టమర్లకు ఒక టేబుల్, ఆర్డర్లకు ఇంకొకటి, రెండింటినీ కలుపుతూ లింకు, పైన ఒక ఫారం. చకచకా అయిపోయింది. రికార్డులు పెరిగేకొద్దీ పేజీలు నత్తనడక పట్టాయి. సపోర్ట్‌ని అడిగితే పై ప్లాన్‌కి మారమన్నారు. మనం వెతికే కాలమ్‌కి ఇండెక్స్ (పుస్తకం వెనక ఉండే విషయసూచిక లాంటిది) లేకపోతే డేటాబేస్ ప్రతిసారీ టేబుల్ మొత్తం చదువుకుంటూ పోవాలి. ఆ టూల్‌లో ఇండెక్స్ పెట్టుకునే వీలే లేదు. ఎక్కువ డబ్బు కట్టినంత మాత్రాన ఆ లోపం పోదు కదా!

వేరేదానికి మారదాం అనుకున్నప్పుడు తగిలింది అసలు దెబ్బ. "మీ డేటా మీదే, ఎప్పుడైనా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు" అని వాళ్లు పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు. ఎక్స్‌పోర్ట్ నొక్కితే టేబుల్‌కొక సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) వచ్చింది. ఆర్డర్ల ఫైలు తెరిచి చూస్తే కస్టమర్ కాలమ్‌లో ఐడీ (ఒక్కొక్కరికీ ఉండే ప్రత్యేక నంబరు) లేదు, ఉత్త పేరే ఉంది. కస్టమర్ల ఫైల్లోనూ ఐడీ లేదు. ఒకే పేరుతో ఇద్దరుంటే ఏ ఆర్డరు ఎవరిదో ఆ ఫైలు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. సైట్‌లో సరిగ్గా కనిపించిన లింకు ఫైల్లోకి వచ్చేసరికి మాయమైంది. అప్‌లోడ్ చేసిన ఫొటోలు కూడా రాలేదు. వాటి బదులు వాళ్ల సర్వర్ అడ్రసులు వచ్చాయి, అకౌంట్ మూసేస్తే అవి తెరుచుకోవు. చివరికి పాత ఇన్‌వాయిస్‌లు ముందేసుకుని, ఒక్కో ఆర్డరూ సరిచూసి ఎవరికి చెందింది వాళ్ల పేరు కింద వేశాం. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

పెద్ద కంపెనీది కొంటే ఈ బెడద ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. మొబైల్ యాప్‌ల డేటాను సర్వర్లో దాచిపెట్టే పార్స్ అనే సర్వీసును ఫేస్‌బుక్ 2013లో కొంది, 2017 జనవరిలో మూసేసింది. ఏడాది ముందే చెప్పి, సర్వర్ కోడ్‌ని ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది కాబట్టి దాన్ని వాడుతున్నవాళ్లు సొంత సర్వర్లకు మారగలిగారు. తన షేర్‌పాయింట్ ఆన్‌లైన్ సర్వీసులో నడిచే యాక్సెస్ వెబ్ యాప్స్‌ని (కోడింగ్ లేకుండా డేటాబేస్ యాప్‌లు తయారుచేసుకునే టూల్) మైక్రోసాఫ్ట్ 2018లో ఆపేసింది. కంపెనీ ఎంత పెద్దదన్నది కాదు, మూతపడిన రోజు మన చేతికి ఏమొస్తుందన్నది అడగాలి.

కోడ్ తయారుచేసి మన చేతికిచ్చే టూల్స్ ఇంకో రకం. వీటిలో డేటా మన దగ్గరే ఉంటుంది, అది నిజంగా మేలే. కానీ ఆ కోడ్‌ని ఒకసారి తెరిచి చూడండి, చదవడం రాకపోతే తెలిసినవాళ్లకు చూపించండి. అది పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో ఉండి, అందులో మైఎస్‌క్యూఎల్_క్వెరీ (mysql_query) అనే పాత ఫంక్షన్ కనిపిస్తే ఆ టూల్ వద్దు. 2015 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7.0లోనే దాన్ని తీసేశారు. అది నడవాలంటే పీహెచ్‌పీ 5.6 లాంటి పాతదాన్ని పట్టుకుని కూర్చోవాలి, దానికేమో 2018తోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి.

మీ ట్రయల్ సైట్‌లో ఇంకో చిన్న పరీక్ష చేయండి. సెర్చ్ బాక్సులో ఒకే ఒక్క సింగిల్ కోట్ కొట్టి ఎంటర్ నొక్కండి. "ఫలితాలు లేవు" అని వస్తే సరే. డేటాబేస్ ఎర్రర్ తెరమీద పడిందంటే మాత్రం, మనం టైప్ చేసినదాన్ని ఆ టూల్ నేరుగా క్వెరీలో, అంటే డేటాబేస్‌కి పంపే ఆదేశంలో, అతికించేస్తోందన్నమాట. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి, అంటే బయటివాళ్లు బాక్సులో తమ ఆదేశాలు టైప్ చేసి డేటాబేస్ చేత నడిపించే దాడికి, తలుపులు తెరిచిపెట్టడమే అది. ఆదేశాన్నీ, మనం టైప్ చేసినదాన్నీ విడివిడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్స్ వాడిన కోడ్‌లో ఇలా జరగదు.

ట్రయల్ గడువు అందమైన టెంప్లేట్లు చూడ్డానికే ఖర్చు చేయకండి. ఒకే పేరుతో ఇద్దరు కస్టమర్లను పెట్టి, ఇద్దరికీ వేర్వేరు ఆర్డర్లు వేసి, మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. వచ్చిన ఫైళ్లను పోస్ట్‌గ్రెస్‌లోకో ఎస్‌క్యూలైట్‌లోకో ఎక్కించండి, రెండూ ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్లే. ఎవరి ఆర్డర్లు వాళ్ల దగ్గరే ఉంటే అప్పుడు డబ్బు సంగతి ఆలోచించండి. పూర్తి ఎస్‌క్యూఎల్ డంప్ (టేబుళ్లు, లింకులతో సహా డేటాబేస్ మొత్తాన్ని తిరిగి కట్టుకోగల ఫైలు) ఇచ్చే టూల్ దొరికితే ఫీచర్లు రెండు తక్కువైనా నేను దానికే ఓటేస్తాను.

ఇప్పటికే ఇలాంటిదాంట్లో ఇరుక్కుని ఉంటే ప్లాన్ ఇంకా నడుస్తుండగానే, లాగిన్ పనిచేస్తుండగానే ఎక్స్‌పోర్ట్ తీసుకోండి. అందులో ఐడీలు లేకపోతే టేబుల్లో మీరే ఒక నంబర్ కాలమ్ కలిపి, ఒక్కో కస్టమర్‌కి ఒక్కో నంబరిచ్చి, వాళ్ల ఆర్డర్లలో కూడా అదే నంబరు వేసి మళ్లీ తీయండి. ఫొటోలు విడిగా దింపుకోండి. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందేమో కూడా ఈరోజే చూడండి.