పెట్టె మీద ‘చేతి బలం’ అని రాసిన బంతి: తిరుపతిలో మూడు నెలల వాడకం

మా అక్క కొడుక్కి పదిహేడేళ్లు. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని మా వీధిలో వాడొక్కడికే, కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. ఆ ఆటలో ఏటా జరిగే ఫైనల్, సూపర్ బౌల్, మనకు సోమవారం తెల్లవారుజామున 5 గంటల ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి, ఏడాదికి ఆ ఒక్క పొద్దు మా ఇంట్లో సుప్రభాతానికీ ఆ ఆటకీ మధ్య టీవీ కోసం తగవు నడుస్తుంది. వాడి పోరు పడలేక మొన్న మార్చిలో 1,850 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక బంతి తెప్పించాను. ఇలాంటివి రకరకాల పేర్లతో చాలానే దొరుకుతున్నాయి గనుక పేరు జోలికి పోకుండా, మూడు నెలలు వాడిన మీదట దాని మంచిచెడ్డలు రాస్తున్నాను. కొత్త క్వార్టర్‌బ్యాక్‌కు, అంటే జట్టులో బంతి విసిరేవాడికి, అన్నింటికంటే ముందు కావలసింది చేతి బలమేనని, ఆ బలాన్ని ఈ బంతి ఇస్తుందని పెట్టె మీద పెద్ద అక్షరాల ఇంగ్లీషులో అచ్చు వేశారు. ఈ సమీక్షలో సగం ఆ మాట గురించే.

ముందు బంతి సంగతి. అమెరికాలో వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ పోటీల్లో వాడే బంతిని విల్సన్ కంపెనీ ఒహాయో రాష్ట్రంలోని ఏడా అనే చిన్న ఊళ్లో ఆవు తోలుతో తయారుచేస్తుంది. నిబంధన ప్రకారం దాని బరువు 14 నుంచి 15 ఔన్సులు, అంటే సుమారు 397 నుంచి 425 గ్రాములు ఉండాలి. పొడవు 11 అంగుళాలకు తగ్గకూడదు, పదకొండుంపావుకు మించకూడదు. లోపలి గాలి ఒత్తిడి 12.5 నుంచి 13.5 పీఎస్ఐ మధ్య ఉండాలి. మాది తోలుది కాదు, తోలును పోలిన కృత్రిమ పదార్థంతో చేసినది. వీధి చివర చిల్లరకొట్టు కాటాలో 410 గ్రాములు తూగింది. దర్జీ టేపు పెట్టి చూస్తే పొడవు 11 అంగుళాలకు నూలుపోగంత తక్కువ వచ్చింది. ఈ ధరకు కొలతలు ఇంత దగ్గరగా కుదురుతాయని నేను అనుకోలేదు. అయితే గాలి తీసి అణిచి పంపారు, గాలి కొట్టే సూది మాత్రం పెట్టలేదు. సైకిల్ పంపు మూతి దీనికి నేరుగా పట్టదు. వాలీబాల్‌కు వాడే సూదే సరిపోతుంది గానీ, దాన్ని విడిగా కొనుక్కోవాలి.

చేతికి దొరకడంలో ఈ బంతి కొత్తలో చాలా బాగుంది. పైనున్న గరుకు బొడిపెలు వేళ్లను పట్టుకుంటాయి, తెల్లటి లేసులు ఎత్తుగా, గట్టిగా ఉన్నాయి. ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో ఒక మూల పది రోజులు ఆడేసరికి ఆ బొడిపెల సందుల్లో ఎర్రమట్టి దూరి, చెమట చేతికి బంతి సబ్బుబిళ్లలా జారడం మొదలుపెట్టింది. ప్రతి సాయంత్రం తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెడితే తప్ప మళ్లీ దారికి రాదు. ఎండ సంగతి ఇంకా ముఖ్యం. 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు బంతుల్లో గాలి తక్కువగా ఉందని పెద్ద వివాదం రేగి, చివరికి ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 2016 సీజన్‌లో నాలుగు ఆటలకు దూరం కావలసి వచ్చింది. చలికి లోపలి గాలి ఒత్తిడి దానంతటదే తగ్గుతుందన్నది అప్పట్లో వినిపించిన వాదనల్లో ఒకటి. మనకు దానికి తలకిందులు. మే నెలలో ఒక మధ్యాహ్నం స్కూటర్ డిక్కీలో బంతిని మరచిపోతే, తీసేసరికి అది రాయిలా బిగిసి, వేలు నొక్కినా లొంగలేదు. అంత గట్టిపడిన బంతి చిన్న చేతిలో అస్సలు నిలవదు.

ఇక పెట్టె మీది మాట. క్వార్టర్‌బ్యాక్ అంటే దాడి చేసే జట్టులో బంతిని ముందుగా చేతికి తీసుకుని, ఎవరికి అందించాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకుని విసిరేవాడు. వృత్తి ఆటలో తొలి ఏడాది ఆడుతున్నవాణ్ణి రూకీ అంటారు. మావాడు మొదటి వారమంతా బౌండరీ నుంచి క్రికెట్ బంతిని విసిరినట్టే దీన్నీ విసిరాడు. క్రికెట్ బంతి బరువు 163 గ్రాములకు మించదు, ఇది దానికి రెండున్నర రెట్లు. విసిరిన ప్రతిసారీ బంతి, తాడు సరిగా చుట్టని బొంగరంలా సొలుగుతూ పోయి ఎక్కడో పడేది. మూడో రోజుకే భుజం పట్టేసింది. “చేతిలో బలం చాల్లేదు మామా, జిమ్‌లో చేరేదా?” అన్నాడు.

జిమ్ మాట పక్కన పెట్టి బంతిని పట్టుకునే తీరు మార్పించాను. చిటికెన వేలు, ఉంగరం వేలు లేసుల మీద, చూపుడు వేలు బంతి మొనకు దగ్గరగా, అరచేతికీ బంతికీ మధ్య కాస్త సందు ఉండేలా. విసిరేటప్పుడు ఎడమ పాదం ముందుగా గురి వైపు పడాలి, తరువాత నడుము తిరగాలి, ఆ తరువాతే భుజం. బంతిని ఆఖరుగా వదిలేది చూపుడు వేలు. రెండు వారాలకు ఒక సాయంత్రం, వాడు అసలు గట్టిగా విసరనేలేదు, బంతి మొన ఏమాత్రం అదరకుండా గిర్రున తిరుగుతూ వచ్చి నా గుండెకు తగిలింది. పక్కన క్రికెట్ ఆడుతున్న పిల్లలు కూడా ఒక్క క్షణం ఆట ఆపి చూశారు. పట్టు తప్పితే సొలగడం, కుదిరితే నిలకడగా తిరగడం, ఏ దాపరికమూ లేకుండా కంటికి కనబడేలా చూపించడమే ఈ బంతిలో నాకు నచ్చిన గుణం. పెట్టె మీద మాత్రం దాని ఊసే లేదు.

అలాగని చేతి బలం ఉత్త మాట అనడం లేదు. అది ఎక్కడ పనికొస్తుందో తెలుసుకోవాలని ఒక ఆదివారం తాడు, టేపు పట్టుకుని మైదానంలో కొలిచాము. ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానం వెడల్పు 53 గజాల ఒక అడుగు. ఆట మొదలయ్యే చోటును గుర్తించే రెండు గీతల వరసల మధ్య ఎడం 18 అడుగుల 6 అంగుళాలు. బంతి ఎడమ వరస మీద ఉన్నప్పుడు, కుడి అంచు దగ్గర 15 గజాల ముందున్న రిసీవర్‌కు, అంటే బంతి అందుకునేవాడికి, అందించాలంటే, క్వార్టర్‌బ్యాక్ వెనక్కి వేసే 7 గజాల అడుగులతో కలిపి, ఆట గణాంకాల్లో 15 గజాలుగా కనబడే ఆ విసురు నిజానికి దాదాపు 37 గజాలు ప్రయాణం చేయాలి. మేము చెప్పులు గుర్తుగా పెట్టి ఆ దూరం నిలబడి చూస్తే, అవతలి మనిషి ముఖం గుర్తుపట్టడమే కష్టమైంది. గాలి అడ్డును పక్కన పెట్టి లెక్క వేస్తే, గంటకు 50 మైళ్ల వేగంతో వెళ్లే బంతికి ఆ దూరం ఒకటిన్నర సెకను, 60 మైళ్లతో వెళ్లే బంతికి ఒకటింబావు. తేడా పావు సెకను. సెకనుకు 8 గజాలు పరుగెత్తే ప్రత్యర్థి ఆ పావు సెకనులో రెండు గజాలు దగ్గరకొచ్చి బంతిని లాగేసుకుంటాడు.

అయితే అదే పావు సెకనును, రిసీవర్ మలుపు తిరగకముందే బంతిని వదిలి కూడా సంపాదించవచ్చు. కాలేజీ ఆట నుంచి కొత్తగా వచ్చినవాడికి కొరవడేది సాధారణంగా ఆ తెగింపూ, ఆ చూపూ. జమార్కస్ రస్సెల్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను 2007 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే చోట, అందరికంటే ముందు ఎంచుకోవడంలో అతని చేతి బలానిది పెద్ద పాత్ర. అతన్ని ఎంచుకున్న ఓక్‌లాండ్ రైడర్స్ జట్టే 2010 నాటికి వదులుకుంది. 2000లో 199వ ఆటగాడిగా, చెయ్యి అంతంత మాత్రమే అనిపించుకుని వచ్చిన బ్రేడీ ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. ఈ రెండు పేర్లతో వాదన ముగించడం తేలికే గానీ, నాకు మరో క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ కథే ఎక్కువ నమ్మకంగా తోస్తుంది. 2018లో ఏడో స్థానంలో బఫలో బిల్స్ జట్టుకు వచ్చిన అతని చేతి బలం గురించి ఎవరికీ అనుమానం లేదు. అయినా రూకీ ఏడాదిలో అతను విసిరినవాటిలో చేరవలసినవాళ్లకు చేరినవి 52.8 శాతమే, 2020 నాటికి అది 69.2 శాతానికి పెరిగింది. ఆ రెండేళ్లలో మారింది చేతి బలం కాదు. పాదాల పొందిక, ఆటను చదివే తీరు, స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్ తోడు. బలం ముందే ఉండడం వల్ల ఆ నేర్చుకునే కాలంలో కొన్ని పొరపాట్లు చెల్లిపోయి ఉంటాయి, అదీ నిజమే. నా దృష్టిలో రూకీకి చేతి బలం మన 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు లాంటిది. అది లేనిదే ఆ క్యూలోకి రానివ్వరు, ఉన్నా నడవవలసిన దూరం నడవవలసిందే.

కాబట్టి చేతి బలం పెంచుతుందన్న ప్రచారాన్ని నమ్మి ఎవరూ దీన్ని కొనకండి. మామూలు బరువున్న బంతి అది, దానివల్ల ప్రత్యేకంగా కండ పెరగదు.

అసలు లోపం తొమ్మిదో వారంలో బయటపడింది. గాలి నోటి పక్కన కుట్టు ఒకటి లేచి, రాత్రి నిండుగా ఉన్న బంతి తెల్లారేసరికి మెత్తబడడం మొదలైంది. అమ్మినవాళ్లకు ఫొటోలతో రాస్తే, తిరిగి తీసుకునే గడువు పది రోజులేనని ఒకే సమాధానం మూడుసార్లు వచ్చింది. మనిషి చదివి రాసిన జవాబు ఒక్కటీ లేదు. పాదరక్షలు కుట్టే ఒక పెద్దాయన మైనపు దారంతో ఆ చోట నాలుగు కుట్లు వేసి, “ఇది తోలు కాదు నాయనా, ఎక్కువ రోజులు ఆగదు” అని ముందే చెప్పి 40 రూపాయలు తీసుకున్నాడు. గాలి ఇప్పటికీ కొద్దిగా పోతూనే ఉంది, వారానికి రెండుసార్లు కొడుతున్నాము.

పట్టు, పాదాలు, గురి నేర్చుకోవాలనుకునే పదహారేళ్లు దాటినవాళ్లకు ఈ ధరలో ఇది పనికొస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఈ పూర్తి సైజు కొనకండి, చిన్న సైజువి విడిగా దొరుకుతాయి. వేళ్లు లేసులను అందుకోకపోతే పిల్లవాడు ఆ లోటును భుజంతో పూడ్చబోయి నొప్పి తెచ్చుకుంటాడు. బంతి వచ్చిన రోజే గాలి నిండా కొట్టి, కాసేపు బకెట్టు నీళ్లలో అణిచి ఉంచి, కుట్ల దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూసుకోండి. మా బంతిలో ఆ లోపం మొదటి నుంచే ఉండి ఉంటే, ఆ పని పది రోజుల లోపల చేసి దాన్ని వెనక్కి పంపగలిగేవాళ్లం.